చేతులు ఊపడం ఆగితే బాగైనట్టేనా?

ఆటిజం ఉన్న పిల్లలకు థెరపీ సెంటర్లలో నెలాఖరుకు ఇచ్చే రిపోర్టు ఎప్పుడైనా చూశారా? హన్మకొండలోనైనా, కరీంనగర్‌లోనైనా, మంచిర్యాలలోనైనా కాస్త అటూఇటూగా ఒకే తీరు. చేతులు ఊపడం తగ్గింది, గుండ్రంగా తిరగడం తగ్గింది, కుదురుగా కూర్చునే టైం పెరిగింది. ఇంట్లోవాళ్లకు ఆ కాగితమే కొండంత ధైర్యం. వాళ్లను తప్పుపట్టలేం, నెలనెలా వేలకు వేలు కడుతున్నప్పుడు ఏదో ఒకటి తగ్గినట్టు కనపడాలి కదా. కానీ పిల్లాడు అసలు ఆ పని ఎందుకు చేస్తున్నాడు, ఏ టైంలో చేస్తున్నాడు, చేశాక వాడికి ఎలా ఉంటోంది అన్నది అందులో చాలాసార్లు ఉండదు. నా పేచీ అక్కడే.

ఆటిజం ఉన్న పిల్లలు మళ్లీ మళ్లీ చేసే పనుల్ని, అంటే చేతులు ఊపడం, గెంతడం, గిన్నె మూతలు తిప్పుతూ చూడడం లాంటివాటిని, మనం చెడ్డ అలవాట్ల ఖాతాలో రాసేసి మాన్పించే పనిలో పడ్డాం. వాటిలో చాలావాటి కారణం పిల్లాడి ఒంట్లోనే ఉంది. చప్పుడు, వెలుతురు, తాకిడి, కదలిక వాడికి మనకు అందినట్టు అందవు. కొన్ని మరీ ఎక్కువగా తగులుతాయి, కొన్ని చాలీచాలకుండా అందుతాయి. ఆ తేడాను సర్దుకోవడానికి వాడికి దొరికిన దారి ఆ ఊపుడే. దారి మూసేసి అవసరాన్ని అలాగే వదిలేస్తే అది ఇంకో దారి వెతుక్కుంటుంది. చేతులు పట్టి కూర్చోబెడితే అంగీ కాలర్ నమలడం మొదలుపెడతాడు, అదీ ఆపితే ముంజేయి కొరుక్కుంటాడు. అప్పుడు కొత్త సమస్య వచ్చిందని ఇంకో గంట థెరపీ పెంచుతారు.

ఇదేమీ ఈమధ్య కనిపెట్టిన సంగతి కాదు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంలోనే దీని జాడ ఉంది. ఈ పిల్లలు పెద్ద చప్పుళ్లకు, కదిలే వస్తువులకు హడలిపోతారని, కానీ అంతే చప్పుడు తామే చేస్తున్నప్పుడు మాత్రం హాయిగా ఉంటారని ఆయన గమనించాడు. అంటే బెదురు చప్పుడుకు కాదు, చెప్పాపెట్టకుండా మీద పడే చప్పుడుకు. మన ఇళ్లలో ఇది రోజూ జరిగేదే. మిక్సీ వేస్తే చెవులు మూసుకుని మూలకు పరుగెత్తిన పిల్లాడు కాసేపటికి స్టీలు పళ్లెం తీసుకుని గరిటెతో ఇల్లంతా మోగిస్తుంటాడు. నానమ్మకు ఒళ్లు మండుతుంది. ‘సప్పుడు పడదంటివి, మరి గిదేంది? అన్నీ యేషాలే’ అంటుంది. మిక్సీ ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ఆగుతుందో వాడి చేతిలో లేదు. పళ్లెం వాడి చేతిలో ఉంది. ఇంకో మాట, బయటి చప్పుడు తట్టుకోలేనప్పుడు దాన్ని కప్పేయడానికి కూడా కొందరు పిల్లలు తామే గట్టిగా ‘ఊ...’ అని ఒకే రాగం తీస్తుంటారు. దాన్ని అల్లరి అంటే ఎట్లా?

కానర్ రాసిన ఈ సంగతి అమెరికా సైకియాట్రిస్టుల రోగనిర్ధారణ పుస్తకానికి ఎక్కడానికి 70 ఏళ్లు పట్టింది. 2013లో వచ్చిన దాని ఐదో కూర్పు డీఎస్ఎం-5లో, మళ్లీ మళ్లీ చేసే ప్రవర్తనల జాబితాలోనే, ఇంద్రియాలకు అతిగా లేదా తక్కువగా స్పందించడాన్ని ఒక లక్షణంగా చేర్చారు. రెండింటినీ ఒకే గొడుగు కిందికి తెచ్చారన్న మాట. మన దేశంలో వైకల్య సర్టిఫికెట్ కోసం ఆటిజం ఎంతుందో కొలవడానికి వాడే ఇసా స్కేలు అంతకుముందుదే, సికింద్రాబాద్‌లోని మనోవికాస్ నగర్‌లో ఉన్న మేధో వైకల్యాల జాతీయ సంస్థ తయారుచేసింది. అందులో 40 అంశాలు, 6 భాగాలు ఉంటాయి. ప్రవర్తన ఒక భాగం, ఇంద్రియాలు ఇంకో భాగం. మార్కులు వేసి శాతం తేల్చడానికి అది పనికొస్తుంది, స్కేలును నేను తప్పుపట్టడం లేదు. కాకపోతే ఆ రెండు భాగాల మధ్య గీత కాగితం మీదే ఉంది, పిల్లాడిలో లేదు. సర్టిఫికెట్ చేతికొచ్చాక కూడా ఇంట్లో, బడిలో, సెంటర్లో అందరం ఆ గీతనే పట్టుకుని వేలాడుతున్నాం.

ఇంద్రియాలంటే ఐదే అని చదువుకున్నాం. ఈ పిల్లల విషయంలో ఇంకో మూడు కలుపుకోవాలి. లోపలి చెవిలో ఉండే తూకం, ఊగినా తిరిగినా గెంతినా దానికి తెలుస్తుంది. కండరాల్లో, కీళ్లలో ఉండే తెలివిడి, మన చేయి ఎక్కడుందో కళ్లు మూసుకున్నా చెప్పేది అదే. మూడోది ఆకలి, దాహం, మూత్రం, నొప్పి లాంటి లోపలి కబుర్లు. ఎంత తిరిగినా కళ్లు తిరగని పిల్లాడు, సోఫా మీదనుంచి పదేపదే దబ్బున దూకే పిల్లాడు, బీరువాకూ గోడకూ మధ్య సందులో ఇరుక్కుని కూర్చుంటే తప్ప నెమ్మదించని పిల్లాడు అడుగుతున్నది ఇక్కడి సరుకే. ఆటిజం ఉన్న అమెరికన్ శాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ సంగతి చాలామంది వినే ఉంటారు. టీకాలు వేసేటప్పుడు పశువుల్ని రెండువైపులా అదిమిపట్టే చట్రంలో అవి నెమ్మదించడం చూసి, ఆమె టీనేజీలోనే తనకోసం అలాంటి యంత్రం కట్టుకున్నారు. మనుషులు వచ్చి కౌగిలించుకుంటే ఆమె అప్పట్లో తట్టుకోలేకపోయేవారు, ఒత్తిడి మాత్రం కావాల్సి వచ్చేది, ఎంత కావాలో తన చేతిలో ఉండాలి. బీరువా సందులో కూర్చున్న మన పిల్లాడిది అదే లెక్క, యంత్రం లేదంతే.

చిక్కు ఏంటంటే, పైకి ఒకేలా కనిపించే పనికి ఇద్దరు పిల్లల్లో రెండు వేర్వేరు కారణాలుంటాయి. ఒకడు ఒళ్లు మొద్దుబారినట్టుంటే ఉషారు కోసం గెంతుతాడు, ఇంకొకడు ఫంక్షన్ హాల్లో డీజే దెబ్బకు తట్టుకోలేక గెంతుతాడు. మొదటివాడికి ఇంకా గెంతే అవకాశం ఇవ్వాలి, రెండోవాణ్ని బయటికి తీసుకుపోవాలి. కొందరు ఉత్త సంతోషంతో ఊపుతారు, వాళ్లను ఏమీ అనక్కర్లేదు. ఆ మాటకొస్తే కూర్చుని కాళ్లు ఊపితే దరిద్రం అని ఇంట్లో తిట్లు తిన్నవాళ్లమే మనమందరం, మానామా?

కటింగ్ షాపు తీసుకోండి. ఈ పిల్లలున్న ఏ ఇంట్లో అడిగినా నెలకో యుద్ధం కథ చెప్తారు. మెడ చుట్టూ గుడ్డ బిగిస్తారు, చల్లటి నీళ్లు స్ప్రే కొడతారు, చెవి పక్కనే మెషిన్ జుయ్యిమంటుంది, తెగిన వెంట్రుకలు మెడలోకి పోయి గుచ్చుకుంటాయి, పౌడర్ వాసన, అద్దంలో ట్యూబులైటు, పైన టీవీలో పాటలు, వెనకనుంచి ఎవరో తల పట్టుకుంటారు. పిల్లాడు చేతులు దడదడా ఊపుతూ ఊగడం మొదలుపెడితే, నాన్న చేతులు పట్టుకుంటాడు, షాపాయన తల ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. పిల్లాడికి ఉన్న ఒక్క ఆసరా కూడా పోయింది, ఇక అరుపులే. ఇదే పని జనం లేని మధ్యాహ్నం వేళ, టీవీ కట్టేసి, మెషిన్ బదులు కత్తెరతో, మెత్తని పాత చీరముక్క కప్పి, ఊగడానికి మధ్యమధ్యలో ఆగుతూ చేస్తే అందరు పిల్లలూ కూర్చుంటారని చెప్పను గానీ, చాలామంది విషయంలో యుద్ధం సగానికి తగ్గుతుంది. మేడారంలో పుట్టెంట్రుకల మొక్కు ఉన్నవాళ్లు జాతర నాలుగు రోజులే పోవాలని పట్టుబట్టకుండా, జనం పలచగా ఉన్నప్పుడు పోయి తీర్చుకున్నా తల్లులు కోపగించుకోరు.

బడి సంగతికొస్తే కోపం ఆపుకోవడం కష్టం. ‘చేతులు కట్టుకో, నోటి మీద వేలేసుకో’ అన్నదే మన దగ్గర క్రమశిక్షణకు మొదటి పాఠం. ఊపడం అవసరమైన పిల్లాడికి చేతులు కట్టుకుని కూర్చోవడమే ఒక ఫుల్‌టైం పని, బోర్డు మీద ఏముందో చూసే తీరిక వాడికెక్కడిది? బయటికి బుద్ధిమంతుడిలా కనిపిస్తాడు, టీచర్ సంతోషిస్తారు. ఇంటికొచ్చి బ్యాగు విసిరేసి గంటసేపు నేలకేసి కాళ్లు బాదుకుంటాడు. ‘బడిల మంచిగనే ఉంటడమ్మా, మీ ఇంట్లనే గారాబం ఎక్కువైంది’ అన్న మాట వినని తల్లి ఉండదు. ఆడపిల్లల్లో ఈ దాచుకోవడం ఇంకా ఎక్కువ, అందుకే వాళ్లను గుర్తించేసరికే ఆలస్యమవుతుంది. ఇక గంట. చాలా సర్కారు బళ్లల్లో ఇప్పటికీ రైలు పట్టా ముక్కను సుత్తితో కొడతారు. ఆ గంటకు దూరంగా ఉన్న బెంచీలో కూర్చోబెట్టడానికి, పీరియడ్ మధ్యలో వరండాలో ఒక చుట్టు తిరిగిరానివ్వడానికి పైసా ఖర్చు లేదు. అడిగితే దయ చూపించినట్టు కూడా కాదు. ఆటిజాన్ని 21 వైకల్యాల జాబితాలో చేర్చిన 2016 వికలాంగుల హక్కుల చట్టమే, పిల్లల అవసరాన్ని బట్టి తగిన సర్దుబాట్లు చేయాలని విద్యాసంస్థలకు చెప్పింది.

అయితే అంతా సెన్సరీయే, అంటే ఇంద్రియాల తేడాయే అని కొట్టిపారేసేవాళ్లతో కూడా నాకు పేచీ ఉంది. ఇదివరకు లేనిది ఉన్నట్టుండి తల గోడకు కొట్టుకుంటున్నాడంటే ముందు చూడాల్సింది థెరపిస్టును కాదు, డాక్టరును. చెవిలో చీమో, పిప్పిపన్నో, నాలుగు రోజుల మలబద్ధకమో ఉంటుంది, మాట రాని పిల్లాడు నొప్పిని అలాగే చెప్తాడు. చూపు ఒకచోట నిలిచిపోయి పిలిచినా తట్టినా పలకకపోతే మూర్ఛేమో చూపించుకోవాలి. మట్టి, సున్నం, బలపాలు తింటుంటే రక్తంలో ఐరన్ పరీక్ష చేయించాలి, గోడ పెచ్చులు తింటుంటే రంగుల్లో సీసం భయం కూడా ఉంది. గాయమయ్యేలా కొట్టుకోవడాన్ని, కొరుక్కోవడాన్ని ‘వాడి అవసరం’ అని చూస్తూ కూర్చోకూడదు, ఆపాల్సిందే. ఆపుతూనే కారణం వెతకాలి. టెన్షన్ వల్ల చేసేవి, పని తప్పించుకోవడానికి చేసేవి కూడా ఉంటాయి, పిల్లలు పిల్లలే.

సెన్సరీ పేరు మీద ఇప్పుడు పెద్ద దుకాణమే తెరిచారు, అది ఇంకో తలనొప్పి. బరువు దుప్పట్లు, బరువు జాకెట్లు, రంగురంగుల లైట్ల గదులు. ఈ ఆలోచనకు పునాది వేసిన జీన్ ఏర్స్ ఆక్యుపేషనల్ థెరపిస్టు, అంటే రోజువారీ పనులు చేసుకోగలిగేలా తర్ఫీదు ఇచ్చే మనిషి, 1970ల నాటి ఆమె పని గొప్పదే. కానీ దాని పేరు చెప్పి అమ్మే ప్రతిదానికీ రుజువు లేదు. 2014లో బ్రిటన్‌లో 67 మంది ఆటిజం పిల్లల మీద బరువు దుప్పట్లు పరీక్షిస్తే, పిల్లలకూ తల్లిదండ్రులకూ అవి నచ్చాయి గానీ నిద్ర మాత్రం పెరగలేదు. నచ్చితే కప్పుకోవచ్చు, అప్పు చేసి కొనక్కర్లేదు. ఇలాంటి థెరపీలకు రుజువులు పరిమితంగానే ఉన్నాయని, అదీ తల్లిదండ్రులకు చెప్పాలని అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 2012లోనే అన్నది. వాసానికి కట్టిన చీర ఉయ్యాల, డాబా మీదికి నీళ్ల బకెట్ మోయించడం, చపాతీ పిండి పిసికించడం, మక్కకంకులు వొలిపించడం కండరాలకు, కీళ్లకు పని చెప్పేవే. ఇవి ఆటిజాన్ని పోగొట్టవు, ఆ పూట పిల్లాడిని కాస్త కుదుటపడేలా చేస్తాయి. పనిచేయకపోతే మానేయాలి, ప్రతి పిల్లాడికీ ఒకే మందు లేదు.

కారణం కనిపెట్టడం ఎలా అంటే, పది రూపాయల నోట్‌బుక్కు చాలు. ఊపుడు మొదలైంది ఎక్కడ, అంతకుముందు ఏం జరిగింది, అక్కడ చప్పుడు, వెలుతురు, జనం ఎట్లున్నాయి, తిని ఎంతసేపైంది, ఎట్లా ఆగింది. కాజీపేట వైపు ఉండే ఒక తల్లి ఇలాగే రాసుకుంటూ పోతే, కొడుకు చెవులు మూసుకుని ముందుకూ వెనక్కూ ఊగేది సాయంత్రం వంటింట్లో కుక్కర్ పెట్టినప్పుడే అని తేలింది. అదీ విజిల్ వచ్చాక కాదు, స్టవ్ వెలిగించగానే. విజిల్ ఎప్పుడొస్తుందో తెలియని ఆ ఎదురుచూపే వాడి బాధ. ఆమె వాణ్ని డాబా మీదికి పంపడం మొదలుపెట్టింది, ఆ టైంలో ఊగడం దాదాపు పోయింది. ఏ థెరపీ గంటలోనూ కుక్కర్ ఉండదు, అక్కడ అది ఎప్పటికీ దొరికేది కాదు.

ఇలాంటి పుస్తకం పట్టుకుని పోతే వినే మనిషి కూడా ఉండాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో పెట్టిన సత్వర గుర్తింపు కేంద్రాలు, మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష నడిపే భవిత కేంద్రాలు కాగితం మీద ఇందుకే ఉన్నాయి. కానీ భూపాలపల్లి అవతలి ఊళ్లనుంచి పిల్లాణ్ని ఎత్తుకుని, కూలి పోగొట్టుకుని వచ్చే తల్లికి ఆక్యుపేషనల్ థెరపిస్టు దొరకడం అదృష్టం మీద ఆధారపడితే ఆ బోర్డులెందుకు? ఓపికున్నవాళ్లు కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ పోతారు. రైలు, ఆటో, క్యూలో మూడు గంటలు, ఆ తర్వాత పిల్లాడు డాక్టరు గదిలో ఎలా ప్రవర్తిస్తే అదే వాడి స్వభావమని రాసుకుంటారు.

పిల్లలు పెద్దవుతారు, ఇదీ ఆలోచించాలి. నాలుగేళ్లప్పుడు ముద్దుగా అనిపించిన గెంతుడు పద్నాలుగేళ్లకు బస్సులో జనం ఫోన్లు తీసి వీడియో తీసే వింత అవుతుంది. బట్టల మీదనుంచి ఒంటిని రుద్దుకునే అలవాటు ఉంటే అది ఇంకా ప్రమాదం, తన్నులు తినే అవకాశం ఉంది. ఇక్కడ నేర్పాల్సింది మానేయమని కాదు, ఏది ఎక్కడ చేసుకోవచ్చో. తన గదిలో, తలుపు వేసుకుని చేసుకునేవి ఏవి, నలుగురిలోనైనా పర్వాలేనివి ఏవి. జేబులో పెట్టుకుని నలుపుకునే రబ్బరు ముక్కతో కొందరికి సరిపోతుంది, కొందరికి సరిపోదు. సరిపోనివాళ్లు చేతులు ఊపుకుంటూనే బస్సెక్కుతారు. పక్కసీటాయన అడిగితే ‘వానికి సప్పుడు ఎక్కువైందన్నా, జరసేపైతే మంచిగైతడు’ అని చెప్తే సరిపోతుంది, అంతకుమించి సంజాయిషీ ఇవ్వాల్సిన పని ఇంట్లోవాళ్లకు లేదు.