చుట్టపు చూపుకి సొంతిల్లు

చుట్టరికాలు ఎందుకు చెడిపోతున్నాయని మనవాళ్లు ఎన్ని సభలు పెట్టినా అసలు కారణం ఎవరూ చెప్పలేదు. ఆస్తి తగాదాలు, మాట పట్టింపులు, పెళ్లిలో పెట్టిన చీర నాణ్యత, ఇవన్నీ పైపై సాకులు. గొడవ మొదలయ్యేది బాత్రూం దగ్గర. పొద్దున్న ఆరున్నర, ఒక గీజరు, తలుపు బయట తువ్వాలు భుజాన వేసుకుని నిలబడ్డ ఏడుగురు బంధువులు. అక్కడ పడ్డ బీటే తర్వాత తరాల దాకా పాకుతుంది. దీనికి విరుగుడు కనిపెట్టింది ఆస్ట్రేలియా వాళ్లు. చుట్టాలింటికి వెళ్లేటప్పుడు ఇల్లు కూడా కారు వెనకాల కట్టుకుని పోతారు. ఆ చక్రాల ఇంటి పేరు కారవాన్.

ఇది రాత్రికి రాత్రే పుట్టిన బుద్ధి కాదు. ఇక్కడి పల్లెటూళ్లలో విందుకి పిలిస్తే కాల్చుకునే మాంసం మనదే, తాగేది మనదే, కూర్చునే మడత కుర్చీ కూడా మనదే. పిలిచినాయన సమకూర్చేవి నిప్పు, ఈగలు. అన్నీ పట్టుకెళ్లాక ఇక మిగిలింది పైకప్పు ఒక్కటే కదా! మెల్‌బోర్న్ ఉత్తరాన క్యాంప్‌బెల్‌ఫీల్డ్‌లో వరసగా ఉన్న కారవాన్ కర్మాగారాలు తయారుచేస్తున్నది బళ్లు కావు, మర్యాద. మన దగ్గర కారవాన్ అంటే షాటుకీ షాటుకీ మధ్య హీరోగారు ఏసీలో సేదతీరే గది. ఇక్కడ రిటైరైన ప్లంబరు కూడా హీరోగారే.

కారవాన్లు కట్టుకుని దేశం తిరిగే ఈ రిటైరైనవాళ్లని గ్రే నోమాడ్స్, అంటే నెరిసిన తలల సంచారులు, అంటారు. వాళ్ల బండి వెనక 'మతి పోకముందే షికారు' అనే అర్థం వచ్చే స్టిక్కరు ఉంటుంది. 'మా పిల్లలకి రావలసిన ఆస్తి ఖర్చు పెడుతున్నాం' అని రాసుకున్నవాళ్లూ ఉన్నారు. రిక్షా డబ్బులు మిగిల్చి, ఎండలో నడిచి, పిల్లల పేర ప్లాటు కొన్న తండ్రులకి పుట్టిన మనం ఆ అక్షరాల వెనకాల కిలోమీటర్ల కొద్దీ కారు నడపాలంటే గుండె దిటవు కావాలి. పైగా ఓవర్‌టేక్ చేయడానికి దారి దొరకదు.

తెలుగువాళ్లకి ఈ బండి అవసరం కల్పించింది మాత్రం సాక్షాత్తూ ప్రభుత్వమే. విదేశాల్లో చదివొచ్చిన డాక్టరు పదేళ్ల దాకా వైద్యుల కొరత ఉన్న చోటే పనిచేయాలి, లేకపోతే అతని రోగులకి మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) డబ్బు రాదు. 491 అనే తాత్కాలిక వృత్తి నిపుణుల వీసా మీద వచ్చినవాళ్లు పర్మనెంటు కావాలంటే మూడేళ్లు సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ నగరాలకి బయట కాపురముండాలి. నారు పోసినంత శ్రద్ధగా మన చుట్టాలని దేశమంతా నాటారు. మా తోడల్లుడు బెర్రీలో మొలిచాడు. సౌత్ ఆస్ట్రేలియాలో మర్రే నది ఒడ్డున, నారింజ తోటల మధ్య ఉన్న ఊరు. మెల్‌బోర్న్ నుంచి దాదాపు ఏడువందల కిలోమీటర్లు. తెనాలి నుంచి వచ్చిన మా అత్తగారిని రెండో కూతురి దగ్గర దింపే నెపంతో మేమూ కారవాన్ కట్టుకుని బయల్దేరాం.

మిల్డూరా దాకా గోధుమ చేలు, వాటి మధ్య బొమ్మలు గీసిన ధాన్యపు సైలోలు. కారవాన్ల వాళ్లు బళ్లలో ఉండే వాకీటాకీ లాంటి రేడియోలో పద్దెనిమిదో చానెల్లో మాట్లాడుకుంటారు, లారీల వాళ్లు నలభయ్యో చానెల్లో. ఆ నలభైలో మా గురించి వెలువడిన అభిప్రాయాలు అత్తగారికి ఇంగ్లీషు అంతగా రాకపోవడం వల్ల మా పరువు తీయలేదు.

అసలు పరీక్ష సరిహద్దు దాటాక, రెన్‌మార్క్ ముందు యాంబా తనిఖీ కేంద్రం దగ్గర. పండు ఈగ భయంతో తాజా పండ్లు, టమాటాలు, పచ్చిమిరపకాయలు, వంకాయలు లోపలికి రానివ్వరు. చెల్లెలి కోసం మా ఆవిడ పెరట్లో కోసిన వంకాయలు సంచీ నిండా ఉన్నాయి. వండినవాటికి అభ్యంతరం లేదని తెలిసిన అత్తగారు కల్లల్‌రేన్ చెరువు గట్టున బండి ఆపించారు. ఆ చిన్న గ్యాసు పొయ్యి మీద, మోకాలు ఫ్రిజ్‌కి తగులుతూ, మోచెయ్యి మంచానికి తగులుతూ, ఒక్కో కాయనీ నాలుగు పక్షాలుగా చీల్చి కారం కూరారు. తనిఖీ అధికారి మూత తీసి, వాసన చూసి, మళ్లీ మూత పెట్టి దణ్ణం పెట్టినంత పని చేశాడు. ఈగలంటే భయపడే రాష్ట్రం గుత్తివంకాయకి దారి వదిలింది.

బెర్రీలో బండిని తోడల్లుడి వాకిట్లోకి వెనక్కి పెట్టడమనే ఘట్టం ఉంది. కుడికి పోవాలంటే స్టీరింగు ఎడమకి తిప్పాలి. భార్య వెనక నిలబడి చేతులూపుతుంది. వీధివాళ్లు చూడ్డానికి వస్తారు, వాళ్ల కుర్చీలు వాళ్లే తెచ్చుకుని.

"అల్లుడుగారూ, ఇంట్లో మూడు గదులుండగా ఆ డబ్బాలో పడుకుంటారా? నలుగురూ వింటే ఏమనుకుంటారు?" అన్నారు అత్తగారు.

ఏమనుకుంటారో చెప్తాను. తోడల్లుళ్లిద్దరం ఇళ్ల ధరల దాకా వచ్చి, గొంతులు లేచే సమయానికి నేను ఆవులించి మా ఇంటికి పోగలిగాను. మా ఇల్లు ఆరడుగుల దూరంలో ఉంది. పొద్దున్న అతని గీజరు అతనిది, నా గీజరు నాది. ఇంత సఖ్యత మా రెండు పెళ్లిళ్లలోనూ లేదు.

చిక్కల్లా కరెంటుతోనే. కారవాన్ ప్లగ్గు పదిహేను ఆంపియర్లది, దాని ఎర్త్ పిన్ను వెడల్పు. ఇళ్లలో ఉండే మామూలు పది ఆంపియర్ల సాకెట్‌లో పట్టదు. వెల్డింగు కోసం అలాంటి సాకెట్ పెట్టుకున్న పక్క తోట రైతు షెడ్డు నుంచి, కంచె మీదుగా వైరు లాగాం. ప్రతిఫలంగా గుత్తివంకాయ వెళ్లింది. మర్నాడు ఆయన ఖాళీ గిన్నెతో స్వయంగా వచ్చి, బండి ఎన్నాళ్లుంటుందని ఆశగా అడిగాడు.

కనుక నా డిమాండ్లు ఇవి. పెళ్లిచూపుల్లో కట్నకానుకల కన్నా ముందు పదిహేను ఆంపియర్ల సాకెట్ ఉందా అని అడగాలి. డాక్టర్లని పల్లెలకి పంపే ప్రభుత్వం, వాళ్ల బావమరుదులకి, తోడల్లుళ్లకి డీజిలు సబ్సిడీ ఇవ్వాలి. టాయిలెట్ డబ్బా ఖాళీ చేసే డంప్ పాయింట్ మాత్రం ఊరికి కాస్త దూరంగానే కట్టాలి. చక్రాల డబ్బా ఈడ్చుకుంటూ నేను వీధి మలుపు తిరుగుతుంటే, "పెద్దల్లుడు సాఫ్ట్‌వేరని అందరికీ చెప్పుకున్నామే" అని అత్తగారు కూతురి చెవిలో అన్న మాట, ఆ నిశ్శబ్దపు ఊళ్లో నాకూ, కుర్చీలు వేసుకు కూర్చున్న వీధికీ స్పష్టంగా వినిపించింది. వీధికి తెలుగు రాదు కాబట్టి సరిపోయింది.