‘ఇంతకీ మీరు ఎవరి తరఫు?’

పోలింగ్ రోజు సిరా వేలి ఫోటో పెట్టేవాళ్లంటే నాకేం కోపం లేదు. నేనూ పెట్టాను. కాకపోతే ఆ వేలు ఏం తెలుసుకుని బటన్ నొక్కిందో ఎవరూ అడగరు.

గత ఎన్నికలప్పుడు మా కాలనీవాళ్లం నలుగురం కలిసి, మా నియోజకవర్గంలో నిలబడ్డ అభ్యర్థులందరూ నామినేషన్‌తో పాటు ఇచ్చిన అఫిడవిట్లు (ప్రమాణపత్రాలు) చదివి, కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు ఒక్క కాగితం మీదికి ఎక్కించి ఇంటింటికీ పంచాం. ప్రతి గడపలోనూ ఒకటే ప్రశ్న: "ఇంతకీ మీరు ఎవరి తరఫు?" ఎవరి తరఫూ కాదండీ అంటే నమ్మితే కదా! చట్టం ప్రకారం కింద ప్రింటర్ పేరు వేశాం. ఒక పెద్దాయన అది చూసి, "వీడు వాళ్లవాడే" అని తేల్చేశారు.

జనం అనుమానానికీ కారణం లేకపోలేదు. 1996లో ఉద్యమంగా మొదలైన లోక్‌సత్తా పదేళ్లకు పార్టీ అయింది. పెట్టడం తప్పని అనను. కానీ అప్పట్నుంచి మాలాంటివాళ్లం ఏం చేసినా ‘రేపు టికెట్ కోసమేలే’ అంటారు.

అసలు ఆ అఫిడవిట్ ఊరికే రాలేదు. 1999లో అహ్మదాబాద్ ఐఐఎం ప్రొఫెసర్లు కొందరు ఏడీఆర్ (అసోసియేషన్ ఫర్ డెమోక్రాటిక్ రిఫార్మ్స్) అనే సంస్థ పెట్టి కోర్టుకెక్కారు. అభ్యర్థి గురించి తెలుసుకోవడం ఓటరు హక్కని 2002 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పుడు చూడాలి మన పార్టీల ఐకమత్యం! రోజూ తిట్టుకునేవాళ్లంతా ఒక్కటయ్యారు, తీర్పును నీరుగార్చేలా చట్టమే మారింది. 2003 మార్చిలో కోర్టు ఆ సవరణను కొట్టేశాకే గండం గడిచింది. అన్ని పార్టీలకూ ఒకేసారి ఒళ్లు మండించిన పనిని పట్టుకుని ‘మీది ఏ పార్టీ’ అంటే ఏం చెప్పాలి?

ఓటరు చైతన్యం అంటూ తిరిగే మావాళ్ల మీదా నాకు కంప్లైంట్ ఉంది. ఎన్నికల ముందు టీషర్టులేసుకుని ర్యాలీ తీస్తే సరిపోతుందా? ఓటర్ల జాబితాలో పేరు లేదని పోలింగ్ రోజు బూత్ దగ్గర గొడవపడేవాళ్లను ఎంతమందిని చూశానో. కొత్తగా 18 నిండినవాళ్లకు ఇప్పుడు ఏడాదికి ఒకటి కాదు, నాలుగు అర్హత తేదీలున్నాయి. కొత్త ఓటరుగా పేరు చేర్చుకునే ఫారం 6 నింపించే పని ఎన్నికలు లేని ఏడాదే చేయాలి. దానికి ఫోటోలు రావు, అందుకే ఎవరూ రారు.

అన్నట్టు, వారం తర్వాత ఆ పెద్దాయనే ఫోన్ చేశారు. "బాబూ, ఆ కాగితాలు ఇంకో రెండుంటే ఇస్తావా, మా వియ్యంకులకి" అన్నారు. వెళ్లి ఇచ్చాను. తీసుకుని మళ్లీ కింద చూశారు. "ప్రింటర్ మాత్రం వాళ్లవాడేనయ్యా."