టెంటులో కుంపటి పెట్టుకోమన్న ఆ మెసేజ్ గురించి

సంక్రాంతి సెలవులు దగ్గర పడ్డాయంటే ఒక మెసేజ్ ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. "పిల్లలతో టెంటు వేసుకుని రాత్రి బయట పడుకుంటున్నారా? చలి దరిచేరకుండా ఏడు చిట్కాలు" అని దాని మకుటం. మా అప్ప కూడా పంపింది, "గుంటలు (పిల్లలు) జాగ్రత్తరా తమ్ముడూ" అని. ఆమె శ్రద్ధకి వంక పెట్టను. చిట్కాలు మాత్రం ఒకదాన్ని మించి ఒకటి. అందులో ఒకటి నిజంగా ప్రాణం తీసేది. కొన్ని చలిని తగ్గించకపోగా పెంచుతాయి. మిగతావి సగం నిజాలు. ఒక్కొక్కటీ చూద్దాం.

ముందు అసలు మన విజయనగరం, శ్రీకాకుళం వైపు చలి ఎంతో తెలియాలి. ఆ మెసేజ్‌కి తగిలించిన ఫొటో లంబసింగిది. అది చింతపల్లి వైపు, అల్లూరి సీతారామరాజు జిల్లాలో చలికి పేరుపడ్డ కొండ ఊరు, మన లెక్క వేరు. విజయనగరం, శ్రీకాకుళం మైదానాల్లో డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత సాధారణంగా 15 నుంచి 18 డిగ్రీల మధ్య ఆగుతుంది. తాటిపూడి రిజర్వాయరు చుట్టుపక్కల, ఎస్.కోట (శృంగవరపుకోట) దాటాక కొండల మొదట్లో ఇంకాస్త తక్కువ ఉంటుంది. సీతంపేట కొండల్లో పది డిగ్రీల దగ్గరికి దిగవచ్చు. మందస వైపు నుంచి మహేంద్రగిరి ఎక్కేవాళ్ల లెక్క వేరు. అది 1,501 మీటర్ల కొండ. వెయ్యి మీటర్లు ఎక్కితే ఇంచుమించు ఆరు డిగ్రీలు తగ్గుతుంది, పైగా అక్కడ గాలి ఎక్కువ. బారువ, భావనపాడు సముద్రపు ఒడ్డున చలి తక్కువే, తేమ మాత్రం ఎక్కువ. మొత్తం మీద మన చలి గడ్డకట్టించే చలి కాదు. మంచు కురిసి, బట్ట తడిసి, కింద నేల చల్లబడి పట్టుకునే చలి. దానికి నిప్పుతో పని లేదు. ఒంటికింద సరైన పరుపు, ఒంటిమీద పొడి బట్ట ఉంటే సరిపోతుంది.

ఇక మెసేజ్‌లో మొదటి చిట్కా: "చిన్న కుంపట్లో బొగ్గులు రాజేసి, పొగ పోయాక టెంటులో పెట్టుకోండి. జిప్పు రెండు వేళ్ల మేర తెరిచి ఉంచితే చాలు."

ఈ ఒక్క వాక్యం కోసమే ఇదంతా రాస్తున్నాను. పొగ పోతే ప్రమాదం పోదు. బొగ్గు పూర్తిగా కాలడానికి గాలి చాలనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండించదు. మంట ఆరి ఎర్రగా ఉన్న నిప్పుల్లోంచీ వస్తుంది, పైన బూడిద కమ్మి లోపల రగులుతున్న నిప్పుల్లోంచీ వస్తుంది. ఊపిరితో లోపలికి వెళ్లాక రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఇక ఆక్సిజన్‌కి అక్కడ చోటుండదు. మెలకువగా ఉన్నవాళ్లకి తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం తెలుస్తాయి. నిద్రలో ఉన్నవాళ్లు అవేవీ తెలియకుండానే స్పృహ తప్పుతారు. "ఊపిరాడకపోతే మెలకువ వస్తుంది కదా" అని కొందరి ధీమా. మనకి ఊపిరి సలపనట్టు అనిపించేది ముఖ్యంగా కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడు. మోనాక్సైడ్ ఆ హెచ్చరిక ఇవ్వదు. పిల్లలు పెద్దవాళ్ల కంటే వేగంగా ఊపిరి తీస్తారు కాబట్టి వాళ్లకి ముందే ఎక్కుతుంది.

దీనికి ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది: "మా రోజుల్లో బాలింత మంచం కిందే కుంపటి పెట్టేవారు, ఎవరికేమైంది?" ఆ ఇళ్లు తాటాకువో, నాటుపెంకువో. గోడకీ కప్పుకీ మధ్య చెయ్యి పట్టేంత సందు ఉండేది. గాలి ఆ సందుల్లోంచి రాత్రంతా పోతూ వస్తూ ఉండేది. అయినా అది నిరపాయం అని నేననను. నలుగురు పట్టే నైలాను టెంటులో ఉండే గాలి ఒక మామూలు గదిలోని గాలిలో ఎనిమిదో వంతో, పదో వంతో. రెండు వేళ్ల జిప్పు దాన్నేమీ కాపాడదు. నిద్రలో ఒక పిల్ల కాలు విసిరితే కుంపటి బోర్లా పడటం, ఆ బట్ట అంటుకుని కరిగి మీద పడటం అదనం.

గ్యాస్ స్టవ్వు, దోమల చక్రం కూడా టెంటు లోపలికి తేకూడదు. జాలీ సరిగ్గా ఉంటే చక్రంతో అసలు పనే లేదు. "టెంటులో చలిగా ఉంటే కారెక్కి ఇంజను ఆన్‌లో ఉంచి పడుకోండి" అన్న కొసరు సలహా కూడా అదే మెసేజ్ చివర ఉంది. ఆగి ఉన్న కారు పొగగొట్టం నుంచి వచ్చేది కూడా ఆ విషవాయువే. ఒకే టెంటులో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వాంతులు మొదలైతే రాత్రి తిన్న చికెన్ మీదకి నెట్టకండి. అందర్నీ వెంటనే ఆరుబయటికి తెచ్చి 108కి ఫోన్ చేయండి. బయట గాలి పీల్చినా రక్తంలో ఆ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెడితే గంట, గంటన్నరలో తగ్గుతుంది. "కాస్త కుదుటపడ్డాడు, పొద్దున్న చూద్దాం" అనకూడదన్నది అందుకే.

నెగడు వేసుకోవాలని సరదా ఉంటే బయట, టెంటుకి దూరంగా, గాలి మన మీంచి నెగడు వైపు వీచేలా వేసుకోండి. సంక్రాంతి నాటికి కళ్లాల్లో ఇంకా కుప్పలు ఉంటాయి, ఒక్క నిప్పురవ్వ చాలు. పడుకునే ముందు నీళ్లు పోసి, చేత్తో తడిమి చూసేదాకా ఆరినట్టు కాదు.

రెండో చిట్కా: "జిప్పులన్నీ బిగించేస్తే మన ఊపిరి వేడికే టెంటు వెచ్చబడుతుంది." కొంత నిజమే, మొదటి గంట హాయిగా ఉంటుంది. కానీ నలుగురు ఒక రాత్రి వదిలే ఊపిరిలో సుమారు అర లీటరు నీళ్లుంటాయి. బయట ఆకాశం తేటగా ఉన్న రాత్రి టెంటు పైబట్ట చుట్టూ ఉన్న గాలి కంటే ఎక్కువ చల్లబడుతుంది. లోపలి ఆవిరి వెళ్లి దానికి తగిలి చుక్కలు కడుతుంది. తెల్లారుజామున అవి రగ్గుల మీద పడతాయి. "టెంటు కారిపోతోంది, దుకాణంవాడు మోసం చేశాడు" అని తిట్టుకునేవాళ్లలో చాలామందికి జరిగింది ఇదే. పైన ఉండే గాలి కిటికీ, గాలి వీచే వైపు కాకుండా అవతలి వైపు జిప్పు కొంత తెరిచి ఉంచండి. చలి ఒక డిగ్రీ పెరిగితే పెరుగుతుంది. తడి దుప్పటి పెట్టే బాధతో పోలిస్తే అది లెక్కలోది కాదు.

టెంటు ఎక్కడ వేశామన్నది జిప్పు కంటే ముఖ్యం. చల్లగాలి బరువు, పల్లంలోకి జారి అక్కడే నిలుస్తుంది. రిజర్వాయరు నీళ్లకి ఆనుకుని వేస్తే పొద్దున్న ఫొటో బాగుంటుంది గానీ రాత్రంతా మంచు. కాస్త మెరకన, మామిడి తోపు అంచున వేస్తే కొమ్మల కింద మంచు తక్కువ పడుతుంది. శ్రీకాకుళం జిల్లా కొబ్బరితోటల ఉద్దానం వైపు వెళ్లేవాళ్లు కొబ్బరిచెట్టు కింద మాత్రం వద్దు. కాయ రాలిందంటే ఇక చలి గురించి ఆలోచించే పని ఉండదు. సముద్రపు ఒడ్డున అయితే రాత్రి గాలి సాధారణంగా నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది, కాబట్టి టెంటు వీపు ఊరి వైపు ఉండాలి.

"పైన రెండు మందపాటి రగ్గులు కప్పుకోండి, కింద చాప చాలు" అన్నది మూడోది. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. రగ్గు వెచ్చగా ఉండేది దాని నూలు వల్ల కాదు, నూలు మధ్య నిలిచిన గాలి వల్ల. మనం దాని మీద పడుకుంటే ఆ గాలి కాస్తా నలిగి బయటికి పోతుంది. మన ఒళ్లు ఎంత వేడిని ఇచ్చినా నేల తాగేస్తూనే ఉంటుంది. పైన మూడు కప్పుకున్నా వీపు కింద చలి తగ్గదు. రెండు రగ్గులుంటే ఒకటి కింద వెయ్యాలి. ఇంకా మంచిది, నలగని వస్తువు వెయ్యడం.

దీనికి బజారులో వేలు పోసి కొననక్కర్లేదు. సంక్రాంతి రోజుల్లో ఏ ఊళ్లోనైనా ఎండు వరిగడ్డి దొరుకుతుంది. రెండు మోపులు అడిగి తెచ్చి టెంటు కింద జానెడు ఎత్తున పరిచి, దాని మీద పాలిథీన్ పట్టా వేసి, అప్పుడు టెంటు నిలబెట్టండి. పొద్దున్న ఆ గడ్డి మళ్లీ పశువులకి పనికొస్తుంది. గడ్డి టెంటు లోపల కాదు, కింద. లోపలైతే పురుగులు, దురద. నెగడు దాని దగ్గరికి రాకూడదని వేరే చెప్పక్కర్లేదు. గడ్డి దొరక్కపోతే నాలుగు పొరల గోనెపట్టా. జూటు మిల్లులకి పేరుపడ్డ విజయనగరం జిల్లాలో గోనెలకి కరువా? దాని మీద పాత చీరలతో కుట్టిన బొంత. యోగా మ్యాట్ ఉంటే అదీ మంచిదే, అందులోని నురుగు నలగదు. గాలి ఊదే పరుపు మెత్తగా ఉంటుంది గానీ దాని లోపల గాలి అటూ ఇటూ తిరుగుతూ మన వేడిని నేలకి చేరవేస్తుంది. అది వాడితే దాని మీద తప్పకుండా బొంత పడాలి.

నాలుగోది బట్టల సంగతి. "ఉన్న బట్టలన్నీ ఒకదాని మీద ఒకటి తొడిగేయండి." పిల్లలు సాయంత్రమంతా పరుగులు పెట్టి చెమట పట్టి ఉంటారు. ఆ చొక్కా మీదే రెండు స్వెటర్లు తొడిగితే లోపలి చెమట ఎటూ పోదు. రాత్రి ఒంటిగంటకి అదే చల్లబడుతుంది. పొందూరు ఖద్దరు మే నెలలో ఎందుకు హాయిగా ఉంటుందో జనవరి రాత్రి అందుకే పనికిరాదు. నూలు చెమటని పీల్చి పట్టి ఉంచుతుంది, అది ఆరుతూ ఒంటి వేడిని తీసుకుపోతుంది. పడుకునే ముందు లోపలి బనీను నుంచి సాక్సుల దాకా పొడివి మార్చండి. దాని మీద వదులుగా ఒక ఉన్ని స్వెటరో, ఫ్లీస్ చొక్కానో చాలు. సాక్సులు బిగుతైతే రక్తం సరిగ్గా ఆడక కాళ్లు మరింత చల్లబడతాయి. పిల్లకి చలేస్తోందా లేదా అని చేతులు పట్టుకుని చూస్తే తెలియదు, మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. అక్కడ వెచ్చగా ఉంటే ఇబ్బంది లేదు. చెమట తగిలితే ఒక పొర తీసేయండి.

"ఒంట్లో వేడి సగం తలలోంచే పోతుంది, మంకీ క్యాప్ తప్పనిసరి." ఇది మన దేశం మాట కాదు. 1950లలో అమెరికా సైన్యం చేసిన ప్రయోగాల్లో ఒళ్లంతా చలిని ఆపే సూటు తొడిగి తల మాత్రం వదిలేశారు. వేడి అక్కణ్నుంచే పోక ఎటు పోతుంది? ఆ లెక్క 1970 నాటి అక్కడి సైనిక మాన్యువల్‌లోకి ఎక్కి, అక్కణ్నుంచి ప్రపంచమంతా పాకింది. పెద్దవాళ్ల తల ఒంటి ఉపరితలంలో పదో వంతు మించదు, పోయే వేడి కూడా ఆ మేరకే. టోపీ పెట్టుకోండి, మంచిదే. టోపీ ఉంది కదా అని కింద బొంత మానేస్తేనే తంటా. పసిపిల్లల తల ఒంటితో పోలిస్తే పెద్దది, వాళ్లకి టోపీ లాభం ఎక్కువే. అయితే నిద్రలో అది ముక్కు మీదకి జారుతుంది. బరువైన రగ్గు కింద పెద్దవాళ్ల మధ్య పడుకోబెట్టడం అంతకంటే ప్రమాదం. ఏడాది లోపు బిడ్డ ఉంటే ఆ రాత్రికి టెంటు ప్రయోగం మానేసి గది తీసుకోండి.

బ్రాందీ చిట్కా చూసి నాకు ఒళ్లు మండింది. "పెద్దలకు ఒక పెగ్గు, జలుబున్న పిల్లలకు ఒక చెంచా." మందు తాగితే చర్మం కింద రక్తనాళాలు వెడల్పవుతాయి. ఒళ్లు వేడెక్కినట్టు అనిపిస్తుంది, నిజానికి లోపలి వేడి బయటికి పోతుంది. పైగా వణుకు తగ్గుతుంది, వేడి పుట్టించడానికి ఒంటికున్న ఉపాయం ఆ వణుకే. చిన్నపిల్లలకి మందు వల్ల రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెంచా కూడా వద్దు. వెచ్చగా ఏదైనా ఇవ్వాలనుకుంటే చోడి (రాగి) అంబలి కాచి ఇవ్వండి, కాసిన్ని వేరుశెనగలు పెట్టండి. కడుపులో తిండి ఉంటే ఒంట్లో వేడి దానంతటదే పుడుతుంది. స్టీలు సీసాలో వేడి నీళ్లు పోసి, మూత గట్టిగా బిగించి, తువ్వాలు చుట్టి కాళ్ల దగ్గర పెట్టినా మంచిదే. నేరుగా చర్మానికి తగలనివ్వకండి, నిద్రలో కాలినా పిల్లలకి తెలియదు.

చివరిది: "సాయంత్రం నుంచి నీళ్లు తాగొద్దు, రాత్రి ఒంటేలుకి లేస్తే ఒంట్లో వేడి పోతుంది." ఒంటేలు ఒంటి వేడితోనే ఉంటుంది, దాన్ని పట్టి ఉంచినందుకు అదనంగా వచ్చే వెచ్చదనం ఏమీ లేదు. చలిలో చర్మానికి వెళ్లే రక్తం తగ్గి లోపల పెరుగుతుంది కాబట్టి ఒంటేలు ఎక్కువ రావడం మామూలే. పట్టుకుని పడుకుంటే పిల్లకి నిద్రా పట్టదు, ఒక్కోసారి పక్కా తడుస్తుంది. అప్పుడు తెలుస్తుంది అసలు చలి. నీళ్లు మామూలుగానే తాగనిచ్చి, పడుకునే ముందు ఒకసారి తీసుకెళ్లండి. టార్చి చేతికందే చోట, చెప్పులు టెంటు లోపలి అంచున పెట్టుకోండి. బయట వదిలిన చెప్పుల్లో తేలు చేరుతుంది, వేసుకునే ముందు ఒకసారి దులపండి.