ఓరుగల్లుకు లైట్‌హౌస్ కావాలె

మన దేశానికి కొత్త కొలత ప్రకారం దాదాపు 11,000 కిలోమీటర్ల సముద్ర తీరం ఉంది. దాని మీద దాదాపు 200 లైట్‌హౌస్‌లు ఉన్నాయి. వాటిలో తెలంగాణ వాటా ఎంత అని అడిగిన నాథుడు లేడు. నీళ్ల కోసం, నిధుల కోసం, నియామకాల కోసం కొట్లాడి 2014లో రాష్ట్రం తెచ్చుకున్నవాళ్లం, పంపకాల్లో లైట్‌హౌస్‌ల మాటే ఎత్తలేదు. విశాఖది, భీమిలిది, మచిలీపట్నంది అన్నీ అటే ఉండిపోయాయి. ఒక్కటి, పోనీ చిన్నది, ఓరుగల్లుకు రావాల్సింది.

‘సముద్రం లేదు కదా’ అంటారు తొందరపడి మాట్లాడేవాళ్లు. ఈ లెక్కన నీళ్లు రాని ఫౌంటెన్లను చౌరస్తాల్లో ఎందుకు కట్టినట్టు? నడిచే చోటే లేని రోడ్డు పక్కన ‘నడకే ఆరోగ్యం’ అని బోర్డెందుకు పెట్టినట్టు? ముందు కట్టుకుంటే అవసరం దానంతట అదే వస్తుంది.

చారిత్రక హక్కు సంగతికొస్తే, మనకున్నంత ఇంకెవరికీ లేదు. ఇక్కడి కోటలో కూర్చుని పాలించిన గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. అంతకుముందు రాజులు గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలను, పగిలిన ఓడలను దోచుకునేవాళ్లు. బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు, ఏది దొరికితే అది. ఈయన మాత్రం న్యాయంగా రావాల్సిన సుంకం తప్ప తక్కినదంతా వర్తకులకే వదిలేశాడు. మునిగిన ఓడ గురించి అంత ఆలోచించిన ఊరికి, మునగబోయే ఓడకు దీపం చూపించే అర్హత లేదా?

ఊరికే మాట్లాడితే బాగుండదని ఎండాకాలం సెలవుల్లో ఇంటిల్లిపాదీ విశాఖ డాల్ఫిన్స్ నోస్ కొండ ఎక్కాం. దీన్ని అధ్యయన యాత్ర అనాలి. మా ఆవిడ మాత్రం బీచ్ ట్రిప్ అంటుంది. సముద్రంలోకి ముక్కు చాచిన ఆ కొండ మీద గాలి చెంపలు వాయించేస్తుంది. మా బామ్మర్ది కొత్త టోపీ ఫొటో తీసేలోపే బంగాళాఖాతానికి ధారాదత్తమైంది. అక్కడి లైట్‌హౌస్‌లో చుట్లు తిరిగే మెట్లెక్కి పైన కమ్మీ పట్టుకుంటే చేతికి జిగట. మా చిన్నోడు ఆ వేలు నోట్లో పెట్టుకుని ‘ఉప్పు’ అని తీర్పు చెప్పాడు. కింద ఓడలు అగ్గిపెట్టెల్లా నిలబడి ఉన్నాయి. రాత్రయితే ఈ దీపం 60 కిలోమీటర్ల అవతలికీ కనిపిస్తుందట. మా అత్తమ్మ ఇవేవీ పట్టించుకోలేదు. కొంగు నోట కరచుకుని, ‘గింత గాలి మనింట్ల కొడితే కూలర్ కొనే పనే లేకపోవు గద బిడ్డా’ అంది. ఆ యాత్ర మొత్తంలో పనికొచ్చిన సాంకేతిక అభిప్రాయం అదొక్కటే.

ఇంజినీరింగు లెక్కలు కూడా వేసి పెట్టాను. భూమి గుండ్రంగా ఉండటం వల్ల దీపం ఎంత ఎత్తున ఉంటే అంత దూరం కనబడుతుంది. వరంగల్ నుంచి సముద్రం నేరుగా కొలిస్తే సుమారు 250 కిలోమీటర్లు. అంత దూరం కనిపించాలంటే దీపం 4,900 మీటర్ల ఎత్తున ఉండాలి. అంటే ఒకదాని మీద ఒకటి ఆరు బుర్జ్ ఖలీఫాలు. కంగారు పడకండి, మన ఊరు సముద్ర మట్టానికి ఇప్పటికే 260 మీటర్ల పైన ఉంది, ఆ మేరకు సిమెంటు మిగులు. పద్మాక్షి గుట్ట మీద మొదలుపెడితే ఇంకొంచెం మిగులు. బల్బు కూడా పెద్దది అక్కర్లేదు. గాజు పట్టకాలను వలయాలుగా పేర్చి, చెదిరిపోయే వెలుగునంతా ఒక్క దిక్కుకు తిప్పే ఉపాయాన్ని ఫ్రెనెల్ అనే ఫ్రెంచి ఆయన 1823లోనే ఒక లైట్‌హౌస్‌లో బిగించి చూపించాడు.

నిర్వహణ ఖర్చుకు దారి ఉంది. మన రేవులకొచ్చే ఓడల దగ్గర రుసుము వసూలు చేసి ఈ దీపాలు నడుపుతారు. 1927 నాటి చట్టం పోయి 2021లో కొత్తది వచ్చినా వసూలు మాత్రం పోలేదు. మనకు ఓడలు లేకపోతేనేం, కాజీపేట జంక్షన్‌లో దిగేవాళ్లు లేరా, హన్మకొండ చౌరస్తాలో ఆటోలు లేవా?

అనుభవానికీ కొదవ లేదు. ప్రతి లైట్‌హౌస్‌కూ మెరుపుల వరస వేరు, చీకట్లో కెప్టెన్ ఆ మెరుపులు లెక్కపెట్టి ఏ తీరమో చెప్పేస్తాడు. మా సందు మొదట్లో వీధి దీపం రెండుసార్లు మినుకుమని, కాసేపు ఆలోచించి, మళ్లీ ఒక్కసారి వెలుగుతుంది. పక్క సందుది పగలు మాత్రమే వెలుగుతుంది. రాత్రి బస్సు దిగిన చుట్టాలకు ఇంటి నంబరు చెప్పం, దీపం గుణం చెబుతాం.

ఇంతవరకు మా కాలనీ మీటింగులో అందరూ తలూపారు. రిటైర్డ్ సారొకాయన లేచి చిన్న సంగతి చెప్పాకే సభ వేడెక్కింది. లైట్‌హౌస్ ఎవరినీ ‘రండి’ అని పిలవదట. ‘ఇటు రాకు, ఇక్కడ బండలున్నాయి, మునుగుతావ్’ అని చెప్పడమే దాని ఉద్యోగమట. అట్లయితే మన దగ్గర దాన్ని పెట్టాల్సిన చోటు గుట్ట కాదు, చెరువు శిఖం, అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే నేల అన్నాడు.

ఆయన మాటలో తప్పేం లేదు. 2020 ఆగస్టులో, 2023 జులైలో వరంగల్, హన్మకొండ కాలనీల్లో పడవలు తిరిగాయి. సముద్రం లేదన్నవాళ్లు ఆ రోజుల్లో మేడెక్కి చూసి ఉండాల్సింది. పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు పోయేటట్టు కాకతీయుల కాలంలో గొలుసుకట్టుగా చెరువులు తవ్వారు. నీళ్లకు ఆ దారి ఏడెనిమిది వందల ఏళ్లుగా కంఠతా వచ్చు. మధ్యలో మనం శిఖాన్ని గజాల్లో కొలిచి అమ్ముకున్నామని, నాలా మీద స్లాబు పోసి షట్టర్లు కట్టామని వాటికి ఎవరూ నోటీసివ్వలేదు. రిజిస్ట్రేషన్ కాగితాలు చూపిస్తే ఆగేవేమో, ఎవరూ చూపించినట్టు లేదు.

అందుకని సారు ప్రతిపాదన: శిఖం ఉన్న ప్రతిచోటా ఒక లైట్‌హౌస్ పెట్టాలి. ప్లాటు చూడ్డానికొచ్చినవాడి ముఖం మీద రాత్రీ పగలూ దీపం పడాలి.

వెనక వరసలో ‘లేక్ వ్యూ’ వెంచర్ బ్రోచర్లు పంచుతున్న పెద్దమనుషులు అప్పటిదాకా మిర్చి బజ్జీలు తింటూ కూర్చున్నారు. వాళ్లు లేచి, ఊరి అభివృద్ధికి తాము ఎప్పుడూ అడ్డం కాదన్నారు. స్థలం ఇస్తామన్నారు, రంగులేయిస్తామన్నారు. ఒక్కటే షరతు పెట్టారు. తీరంలో లైట్‌హౌస్‌లకు ఊరి వైపు వెలుగు పడకుండా అడ్డు కట్టే పద్ధతి ఉందని వాళ్లకెవరో చెప్పారట, అదే ఇక్కడా పాటించాలి. ఊరు ఎటు వైపు అని సారు అడిగాడు. నాలుగు వైపులా కదా అన్నారు. అంచేత నాలుగు వైపులా రేకులు కొట్టిస్తారట, లోపల దీపం మాత్రం ఇరవై నాలుగు గంటలూ వెలుగుతుందట. కరెంటు బిల్లు కూడా వాళ్లే కడతామనేసరికి తీర్మానం చప్పట్లతో పాసైంది.