గోడ దూకకుండా పార్టీ మారిన భవనం

పార్టీ మారే నాయకులకు శిక్షణ తరగతులు పెట్టాలని ప్రభుత్వానికి ఎప్పుడైనా అనిపిస్తే, వాటిని బెజవాడ బందరు రోడ్డులోని బాపు మ్యూజియంలోనే పెట్టాలని సవినయంగా మనవి చేసుకుంటున్నాను. గోడ దూకకుండా, కండువా కప్పించుకోకుండా, కనీసం ఒక్క ప్రెస్ మీటైనా పెట్టకుండా రాణిగారి పక్షం నుంచి గాంధీగారి పక్షానికి చేరిన అనుభవం దానిది.

దాని రాజకీయ జీవితం 1887 జూన్ 27న మొదలైంది. విక్టోరియా రాణి గద్దెనెక్కి యాభై ఏళ్లయిన సందర్భంగా కృష్ణా జిల్లా కలెక్టరు రాబర్ట్ సూయెల్ శంకుస్థాపన చేశారు. రాణిగారు బెజవాడ ఎండ ఎరుగరు. అయినా ఆమె పేరిట జూబిలీ హాలు లేచింది. ఇలాంటి ఆచారాలు తెల్లవాళ్లతోనే పోయాయని ఎవరైనా అంటే, వాళ్లు మన ఊళ్లలో శిలాఫలకాలు చదవడం లేదన్నమాట.

సూయెల్‌గారు శిస్తు వసూళ్లతో సరిపెట్టుకున్న కలెక్టరు కారు. 1877లోనే అమరావతి స్తూపం దగ్గర తవ్వకాలు జరిపించినాయన. ఆయనకు ముందూ తర్వాతా దొరలు అక్కడ తవ్వుతూనే ఉన్నారు. బయటపడ్డ శిల్పాల్లో కొన్ని మద్రాసు చేరాయి, కొన్ని ఓడెక్కి లండన్ వెళ్లాయి. లెక్క చూస్తే బేరం సమంగానే ఉంది: మన రాళ్లు వాళ్లకు, వాళ్ల రాణి పేరు మనకు.

ఇక 1921. మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలో సమావేశమైంది. సర్కారుకు ఏ విషయంలోనూ సహకరించరాదని ఒట్టు పెట్టుకున్న పెద్దలకు సాక్షాత్తు రాణిగారి హాలే సహకరించింది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెస్‌కు కోటి మంది సభ్యులు, ఇళ్లలో 20 లక్షల రాట్నాలు అని తీర్మానించింది ఆ సమావేశాల్లోనే. భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య తన జెండాను గాంధీజీ చేతిలో పెట్టిందీ అప్పుడే. ఎరుపు, ఆకుపచ్చ, మీద రాట్నం. తెలుపు కూడా ఉండాలన్నది గాంధీజీ మాట. రాణిగారి మనవడి జెండాను దించబోయే గుడ్డకు రాణిగారి హాలులోనే రంగులు ఖాయమవుతుంటే, గోడలు కిమ్మనలేదు. రాజభక్తి అంటే అదీ, ఎవరు రాజైతే వాళ్ల మీద.

1962లో పురావస్తు శాఖ దీన్ని మ్యూజియం చేసింది. లోపల నాణేలు, కత్తులు వగైరా ఉన్నాయి గానీ, నన్నడిగితే చూడాల్సింది అల్లూరు బుద్ధుణ్ణి. తెల్లటి సున్నపురాయిలో నిలువెత్తు మనిషి, ఎడమ భుజం మీదుగా మడతలు మడతలుగా దిగిన వస్త్రం. వందల ఏళ్లుగా అదే వస్త్రం! ఎన్నికల ముందు నాయకులు ఆ గదివైపు వెళ్లకపోవడమే మంచిది.

తర్వాత కొన్నేళ్లు మూతపడి, మరమ్మతులు చేయించుకుని, 2020 అక్టోబరులో బాపు మ్యూజియంగా తలుపులు తెరిచింది. ఊరు మాత్రం ఈ విలీనాన్ని ఇంకా గుర్తించలేదు. మహాత్మాగాంధీ రోడ్డును బందరు రోడ్డనీ, దీన్ని విక్టోరియా మ్యూజియమనీ అంటూనే ఉంది.

కాబట్టి కేంద్రానికి నాదొక ప్రతిపాదన. రాణిగారి పేరు ఇప్పుడు ఖాళీగానే ఉంది. దాన్ని భద్రంగా ప్యాక్ చేసి లండన్ పంపిద్దాం, అమరావతి రాళ్లు తిరిగి పంపమందాం. పేరు తేలికే కనక పోనూ ఖర్చు మనం పెట్టుకోవచ్చు. రానూ ఖర్చు మాత్రం వాళ్లదే. తీసుకెళ్లినప్పుడు మనల్ని అడిగారా ఏం?