ముందు తేలడం నేర్పండి, 30 మీటర్ల సంగతి తర్వాత

ఇప్పుడే వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. పొయ్యి మీద పప్పు ఉంది, అది కట్టేసి మరీ ఈ పోస్టు రాస్తున్నాను. "కంగ్రాట్స్ మేడమ్! మీరిప్పుడు సర్టిఫైడ్ డైవర్! ఆదివారంలోపు అడ్వాన్స్‌డ్ కోర్సు బుక్ చేసుకుంటే స్పెషల్ డిస్కౌంట్. 30 మీటర్ల లోతు మీ కోసం ఎదురుచూస్తోంది." కింద రెండు చేపల బొమ్మలు, ఒక గుండె బొమ్మ. చివర్లో "సార్‌కి కూడా చెప్పండి".

ఎదురుచూస్తోందట! ఆరు మీటర్ల దగ్గర నన్ను సరిగ్గా నిలబెట్టలేనివాళ్లు 30 మీటర్లకి దింపుతారట. పైగా డిస్కౌంటు. సార్‌కి చెప్పాలట. డబ్బు కట్టింది సారా? నా జీతంలోంచి, నా కార్డు గీకి, నేను కట్టాను.

సెంటర్ పేరు చెప్పను. ఊరి పేరు కూడా చెప్పను. చెప్తే ఏ సెంటరో మీరే పట్టేస్తారు, ఆ తర్వాత పంచాయితీ నా ఇన్‌బాక్స్‌లో. మన తూర్పు తీరమే, అంతవరకు చాలు.

ఈ గోల తెలియనివాళ్ల కోసం కాస్త చెప్తాను. స్కూబాలో మొదటి కోర్సు పేరు ఓపెన్ వాటర్. కొంత థియరీ, కొంత స్విమ్మింగ్ పూల్‌లో ప్రాక్టీసు, తర్వాత సముద్రంలో నాలుగు డైవ్‌లు. అది పాసై కార్డు చేతికొస్తే, ఇన్‌స్ట్రక్టర్ లేకుండానే, ఇంకో డైవర్ తోడుంటే చాలు, 18 మీటర్ల దాకా దిగొచ్చు. ఇన్‌స్ట్రక్టర్ లేకుండా! అంటే నా ప్రాణం, నా పక్కవాళ్ల ప్రాణం నా చేతుల్లో. అలాంటి కార్డు నాకు ఇచ్చేశారు. నీళ్లలో కదలకుండా ఒక్కచోట తేలడం నాకు ఇప్పటికీ రాదు.

అసలు స్కూబా అంటేనే అది కదా. జాకెట్లోకి కాస్త గాలి వదిలి, మిగతాదంతా ఊపిరితో సర్దుకోవాలి. పీలిస్తే కొంచెం పైకి లేస్తాం, వదిలితే కొంచెం కిందికి దిగుతాం. అది కుదిరితే నేల తగలకుండా, పైకి తేలిపోకుండా ఉండొచ్చు. నాకు కుదిరే అవకాశమే ఇవ్వలేదు. దిగినప్పటి నుంచి పైకొచ్చే దాకా మా ఇన్‌స్ట్రక్టర్ నా వీపు మీద సిలిండర్ వాల్వ్ పట్టుకుని, పిల్లి తన కూనని మెడ పట్టుకుని తీసుకెళ్లినట్టు తీసుకెళ్లాడు. ఒక్కడికి చాలామందిమి ఉంటే పాపం అతను మాత్రం ఏం చేస్తాడు అంటారా? ఈ కోర్సులు నడిపి కార్డులిచ్చే సంస్థ పాడీ, దాని నియమాల్లో సముద్రంలో ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి ఎనిమిది మంది దాకా ఉండొచ్చు. కానీ పరిస్థితులు బాగోలేకపోతే ఆ సంఖ్య తగ్గించాలని కూడా అక్కడే ఉంది. ఆ రోజు చెయ్యి చాస్తే నా వేళ్లు నాకు మసకగా కనబడుతున్నాయి. దాన్ని మంచి పరిస్థితి అంటారేమో, నాకు తెలీదు.

నీళ్లు మురికిగా ఉన్నాయని నా గొడవ కాదు. వంశధార, నాగావళి, ఋషికుల్య వానాకాలమంతా ఏం మోసుకొస్తాయో మాకు తెలియంది కాదు, ఆ ఒడ్డునే పుట్టాం. నా గొడవల్లా, కనబడని రోజున "ఈ రోజు వద్దు మేడమ్, మళ్లీ రండి" అనే ధైర్యం వాళ్లకి లేకపోవడం. మరుసటి రోజుకి ఇంకో బ్యాచ్ బుక్ అయిపోయింది కదా!

థియరీ సంగతి చెప్పనే లేదు. "యాప్‌లో వీడియోలు ఉన్నాయి, రాత్రి చూసేయండి." అంతే, అదే క్లాసు. పొద్దున్నే పరీక్ష. నేను ప్రశ్న చదువుతుంటే వెనక నిలబడి "బి కొట్టండి మేడమ్, బి" అంటాడు. ఎందుకు బి అని అడిగితే "టైమ్ లేదు, బోటు రెడీగా ఉంది" అన్నాడు. చెవుల సంగతి కూడా అంతే. పది మీటర్లు దిగేసరికి ఒత్తిడి రెట్టింపవుతుంది, అందులో మొదటి కొన్ని మీటర్లే చెవికి గండం. అందుకే నొప్పి రాకముందే, మీటరుకోసారి ముక్కు మూసుకుని మెల్లగా ఊదుకుంటూ దిగాలి. నేను చెవి చూపించి ఆగమంటే, ఆయన బొటనవేలు కిందికి చూపిస్తాడు. దిగు, దిగు. ఆ వారమంతా ఎడమ చెవిలో గుయ్యిమంటూనే ఉంది.

ఇవన్నీ ఒక ఎత్తు, మాస్క్ సంగతి ఒక ఎత్తు. మాస్క్‌లోకి నీళ్లు రానిచ్చి, పైఅంచు నొక్కి పట్టి, ముక్కుతో ఊది ఖాళీ చేయాలి. నాకు ముక్కులోకి నీళ్లెక్కాయి. ఎవరికైనా ఎక్కుతాయి, అందుకేగా నేర్చుకునేది. గాభరా పడి పైకి తన్నేశాను. పట్టుకుని ఆపాడు, అది మంచి పనే, కాదనను. ఊపిరి బిగబట్టి పైకొస్తే లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులు చిరుగుతాయి, అంతగా లోతు లేని చోట కూడా. సరే, ఆపాడు. ఆపాక ఏం చేయాలి? నిమ్మళంగా మళ్లీ చేయించాలి. చేయించలేదు. ఓకే అని చెయ్యి చూపించి పక్కవాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు. ఒడ్డుకొచ్చాక నాతో ఒక్క ముక్క లేదు, నేరుగా మా ఆయన దగ్గరికి పోయి "మేడమ్‌కి భయం ఎక్కువ సార్" అన్నాడు.

ఈత రాని మా ఆయన, ఒడ్డున పల్లీలు తింటూ నా బ్యాగు పట్టుకుని కూర్చున్న మా ఆయన, ఏమన్నారో తెలుసా? "ఔనండీ, ఇంట్లో బల్లిని చూసినా అంతే." ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ సంగతి మేం ఇంట్లో వేరేగా మాట్లాడుకున్నాం లెండి.

ఇంకోటి మర్చిపోయాను. మొదటి రోజు రిసెప్షన్‌లో ఆధార్ ఇస్తే, బరంపురం అడ్రసు చూసి ఆ అమ్మాయి "ఒడిశా నుంచి వచ్చి తెలుగు ఎంత బాగా మాట్లాడుతున్నారు మేడమ్!" అంది. అమ్మా తల్లీ, వి.వి. గిరి గారు 1894లో పుట్టింది మా ఊళ్లోనే. 1936లో ఒడిశా సరిహద్దు గీత గీసినవాళ్లు మా తాతల్ని అడిగి గీయలేదు. ఇక్కడ మేం తెలుంగా వాళ్లం, అక్కడికొస్తే ఒడిశా వాళ్లం. మెచ్చుకోలు ఒకటి! సరే, అది రాస్తే ఇంకో పోస్టవుతుంది.

అసలు నాకు ఇంత మంట ఎందుకో తెలుసా? ఈ సెంటర్ ఒక్కటే కాదు. గోపాల్‌పూర్ మాకు పదిహేను కిలోమీటర్లు. అక్కడ వలలు లాగే వాడబలిజలు, ఒరియావాళ్లు నోలియాలంటారు, ఇంట్లో తెలుగే మాట్లాడతారు. పూరీలో స్నానానికి దిగిన భక్తుల్ని కెరటం లాక్కుపోకుండా చెయ్యి పట్టుకునేదీ తరతరాలుగా ఆ నోలియాలే. ఏ కార్డూ లేదు, ఏ యాప్‌లో వీడియోలూ చూడలేదు. మా చిన్నప్పుడు అలాంటి ఒక తాత మా అన్నయ్యకి ఈత నేర్పాడు. "కెరటానికి ఎదురు నిలబడకురా, విరిగే లోపు కింద నుంచి దూరిపో" అని అరిచేవాడు. ఆ అరుపు నాకూ వినిపించేది. నేను ఎక్కడున్నాను? ఇసకలో. అందరి చెప్పులు, టిఫిన్ క్యారేజీ, నాన్నగారి వాచీ కాపలా కాస్తూ. ఆడపిల్ల తడిబట్టలతో బస్సెక్కుతుందా అని అమ్మమ్మ. నేనూ దిగుతానంటే నాన్నగారు "వచ్చేసారి చూద్దాంలే" అనేవారు. ఆ వచ్చేసారి రానే లేదు. అంత నేర్చుకున్న అన్నయ్య ఇప్పుడు భువనేశ్వర్‌లో ఉంటాడు, ఉప్పునీళ్లకి జుట్టు ఊడిపోతుందని బీచ్‌కే రాడు. ఉన్న జుట్టెంత!

కాబట్టి "మేడమ్‌కి భయం ఎక్కువ" అన్న మాట ఆ రోజు కొత్తగా విన్నది కాదు. ఇంత వయసొచ్చి, డబ్బిచ్చి మళ్లీ అదే మాట అనిపించుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. మానేయాలా, కొనసాగించాలా? పిన్ని అంటుంది, "కార్డొచ్చింది కదే, ఫొటో పెట్టుకుని ఊరుకో." ఆఫీసులో ఒకాయన ఇంకా పైన, "అడ్వాన్స్‌డ్ చేసేయండి మేడమ్, అందులో అన్నీ సర్దుకుంటాయి" అంటాడు. ఏం సర్దుకుంటాయి? పాడీ అడ్వాన్స్‌డ్ అంటే అయిదు డైవ్‌లు. లోతు ఒకటి, దిక్సూచితో దారి పట్టుకోవడం ఒకటి తప్పనిసరి. మిగతా మూడు మన ఇష్టం. ఆ ఇష్టమైన జాబితాలో ఒకటేంటో తెలుసా? సరిగ్గా తేలడం! మొదటి కోర్సులో ఎగ్గొట్టిన పాఠాన్నే రెండో కోర్సులో మళ్లీ అమ్ముతారన్నమాట. అదీ 30 మీటర్ల మాట చెప్పి. అక్కడ ఒత్తిడి పైనున్నదానికి నాలుగింతలు, సిలిండర్లో గాలి అంత త్వరగా అయిపోతుంది, కొందరికి నైట్రోజన్ మత్తు కూడా ఎక్కుతుంది. అలాంటి చోట నా వాల్వ్ ఎవరు పట్టుకుంటారు?

అందుకని అడ్వాన్స్‌డ్ ఇప్పుడు చెయ్యను. ఆ సెంటర్‌కి ఇంకో రూపాయి ఇవ్వను. కానీ మానేది మాత్రం లేదు. మానేస్తే ఆ పల్లీల బ్యాచ్ గెలిచినట్టే. నీళ్లు తేటగా ఉండే చోట, మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణీనో, అండమాన్‌లో హేవ్‌లాకో, అదే ఇప్పటి స్వరాజ్ ద్వీప్, అక్కడ రిఫ్రెషర్ చేస్తాను. ముందు పూల్‌లో. మాస్క్ తీసి పెట్టుకోవడం విసుగొచ్చేదాకా. తేలడం వచ్చేదాకా. అది కుదిరాకే సముద్రం. అది కూడా పన్నెండు మీటర్లు దాటను, కార్డుతో 18 దాకా దిగొచ్చన్నా సరే.

ఒక్కో ఇన్‌స్ట్రక్టర్‌కి ఇద్దర్ని మించి తీసుకోని సెంటర్ ఎవరికైనా తెలిస్తే కామెంట్‌లో చెప్పండి. తెలుగు రాకపోయినా పరవాలేదు, నీళ్లలో ఎలాగూ మాట్లాడరు. "ఈ వయసులో ఇవన్నీ ఎందుకమ్మా" అనేవాళ్లు మా కుటుంబం గ్రూపులోకి వెళ్లండి, అక్కడ మీకు బోలెడంత కంపెనీ. మా ఆయన్ని మాత్రం ట్యాగ్ చేయకండి.