తొలి సభను పిలిచే హక్కు ఎవరిది?

1776 మేలో అమెరికాలోని మసాచుసెట్స్ పశ్చిమ కొండల్లోని పిట్స్‌ఫీల్డ్ అనే చిన్న ఊరు కాలనీ శాసనసభకు ఒక అర్జీ పంపింది. బ్రిటన్ అధికారం పోయిన క్షణం నుంచి ఈ కాలనీలు ప్రకృతి స్థితిలో, అంటే ఏ ప్రభుత్వమూ లేని స్థితిలో ఉన్నాయనీ, ప్రజలు ఆమోదించిన రాజ్యాంగం లేకుండా ఎవరి పాలనకూ పునాది ఉండదనీ దాని సారాంశం. ఆ ఊరున్న బెర్క్‌షైర్ కౌంటీలో 1774 ఆగస్టులో జనం మూయించిన కోర్టులు ఏళ్ల తరబడి తెరుచుకోలేదు. హాబ్స్, లాక్ అనే ఇంగ్లిష్ తత్వవేత్తలు తమ వాదన కోసం ఊహించిన ప్రకృతి స్థితిని, ‘మేమిప్పుడు అందులోనే ఉన్నాం’ అని ఒక ఊరు కాగితం మీద పెట్టి ప్రభుత్వానికి పంపిందన్నమాట.

సామాజిక ఒడంబడిక, అంటే ప్రజలు తమలో తాము ఒప్పుకుని ప్రభుత్వాన్ని ఏర్పరచుకున్నారనే సిద్ధాంతం, అనగానే పాఠ్యపుస్తకాలు హాబ్స్, లాక్, రూసో అని మూడు పేర్లు చెప్పి, తలా ఒక పేరా రాసి ముగిస్తాయి. ఆ ఒడంబడిక చరిత్రలో నిజంగా జరిగిందా అన్న వాదులాటలో అసలు సంగతి మరుగున పడుతుంది. తొలి సభను ఎవరు పిలిచారు? ఎవరిని లెక్కలోకి తీసుకున్నారు? ఓట్లు ఎవరు లెక్కపెట్టారు? తప్పు జరిగితే దిద్దుకునే దారి ఉంచారా? ఒక రాజకీయ సమాజం పుట్టుక న్యాయమైనదో కాదో తేలేది ఈ ప్రశ్నల దగ్గరే.

రాజకీయ సమాజాల ఆరంభం గురించి లాక్ 1689లో ఒక అధ్యాయమే రాశాడు. అందులో సమ్మతికి రెండు మెట్లున్నాయి. సమాజంలో చేరాలంటే ప్రతి మనిషీ స్వయంగా ఒప్పుకోవాలి. చేరాక మెజారిటీ మాటే అందరి మాట. ఎందుకంటే ప్రతిదానికీ అందరూ ఒప్పుకోవాలంటే కుదరదు. కొందరికి జబ్బు చేస్తుంది, కొందరికి పనులుంటాయి, మిగిలినవారికి అభిప్రాయాలు కలవవు. ఇంతవరకూ వాదన గట్టిగానే ఉంది. తర్వాత పుట్టినవాళ్ల సంగతికి వచ్చేసరికి సడలిపోతుంది. ఆ రాజ్యంలో భూమి అనుభవించినా, చివరికి రహదారి మీద స్వేచ్ఛగా నడిచినా, మౌనంగా సమ్మతించినట్టే అంటాడు.

1748లో తత్వవేత్త హ్యూమ్ సరిగ్గా ఇక్కడే దెబ్బ కొట్టాడు. నిద్రలో ఉన్నవాణ్ణి ఓడెక్కించి, నడిసముద్రంలో మెలకువ వచ్చాక, ‘దూకలేదు కాబట్టి కెప్టెన్ అధికారాన్ని ఒప్పుకున్నట్టే’ అంటే అది సమ్మతి ఎలా అవుతుందని అడిగాడు. పరాయి భాష, పరాయి బతుకు తెలియని పేద రైతుకు దేశం వదిలిపోయే స్వేచ్ఛ ఉందనడం కూడా అలాంటిదే. ఇంగ్లండ్‌లో ఒక రాజు పోయి కొత్తవారు గద్దెనెక్కిన 1688 నాటి మార్పును ప్రజల నిర్ణయంగా చెప్పేవారికి ఆయన ఒక లెక్క చూపించాడు: సుమారు కోటి మంది తరఫున దాన్ని తేల్చింది 700 మందిలో మెజారిటీ మాత్రమే. చరిత్ర విషయంలో హ్యూమ్‌దే పైచేయి. కానీ పాత ప్రభుత్వం కూలిపోయి, కొత్తది ఇంకా రాని పిట్స్‌ఫీల్డ్ రైతుకు, రేపు పొద్దున ఏం చేయాలో ఆయన వాదన చెప్పదు.

రూసో 1762లో ఇంకా లోతైన చిక్కును బయటపెట్టాడు. మంచి చట్టాలు కావాలంటే ముందు వాటి విలువ తెలిసిన ప్రజలుండాలి. అలాంటి ప్రజలను తయారుచేసేది ఆ చట్టాలే. అంటే ఫలితమే కారణం కావాలి. ఈ వలయం నుంచి బయటపడటానికి ఆయన శాసనకర్త అనే అసాధారణ వ్యక్తిని తీసుకొచ్చాడు. అతను చట్టం రాస్తాడు, పదవి మాత్రం ఉండదు. దాన్ని ఆమోదించే అధికారం ప్రజలదే. ఐరోపాలో ఇలాంటి పనికి తగిన దేశం కోర్సికా ద్వీపం ఒక్కటే మిగిలిందని కూడా రాశాడు. 1764లో బుట్టాఫోకో అనే కోర్సికా సైనికాధికారి ఆ మాటలు పట్టుకుని మా దేశానికి రాజ్యాంగం రాయమని ఉత్తరం రాశాడు. రూసో మరుసటి ఏడాది మొదలుపెట్టాడు, పూర్తిచేయలేదు. 1768లో, కోర్సికా తనదనే ఇటలీ నగర రాజ్యం జెనోవా ఆ ద్వీపాన్ని ఫ్రాన్సుకు అప్పగించింది. 1769 మేలో పోంటె నోవో దగ్గర కోర్సికా నాయకుడు పావోలీ సైన్యం ఫ్రెంచివారి చేతిలో ఓడింది. దేశం బయట నుంచి వచ్చే దబాయింపుకు శాసనకర్త దగ్గర మందు లేదు. నా దృష్టిలో ఆ సిద్ధాంతంలోని పెద్ద లోటు అదే.

వలయాన్ని వ్యక్తితో కాకుండా పద్ధతితో విప్పింది మసాచుసెట్స్ ఊరి సభలు. రాజ్యాంగాన్ని శాసనసభ రాయకూడదని 1776 అక్టోబరులో కాంకర్డ్ ఊరు తీర్మానించింది. రాసిన సభకే మార్చే అధికారం ఉంటే, అదే సభ హక్కులు మింగేసినప్పుడు పౌరుడికి రక్షణ ఏదన్నది వాళ్ల ప్రశ్న. శాసనసభ వినలేదు. తానే ఒక ముసాయిదా రాసి 1778లో ఊళ్లకు పంపింది. 2,083 మంది ఔనన్నారు, 9,972 మంది కాదన్నారు.

రెండోసారి దారి మార్చారు. ముందు ప్రత్యేక సభ కావాలా అని ఊళ్లను అడిగారు. ప్రతినిధులను ఎన్నుకోవడానికి మామూలు ఎన్నికల్లో ఉండే ఆస్తి షరతు ఎత్తేసి, 21 ఏళ్లు నిండిన స్వతంత్ర పురుషులందరికీ ఓటిచ్చారు. 1779 సెప్టెంబరు 1న కేంబ్రిడ్జ్‌లో సభ మొదలైంది. ముసాయిదా చాలావరకు జాన్ ఆడమ్స్ రాశాడు. 1780 మార్చిలో అది ఊళ్లకు వెళ్లింది. క్లాజు క్లాజుకూ ఓటు వేయాలి, అభ్యంతరముంటే కారణం రాయాలి, మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి.

తేడా కొట్టింది లెక్కింపులో. ఒక ఊరు ‘ఈ సవరణ చేస్తేనే సరే’ అని రాసింది. ఇంకో ఊరు ఒక్క క్లాజు తప్ప మిగతావి ఒప్పుకుంది. ఈ జవాబులన్నీ ఒకే పట్టికలో ఎలా ఎక్కించాలో ముందుగా ఎవరూ నిర్ణయించలేదు. షరతు పెట్టిన ఓట్లను కూడా కమిటీ చాలాచోట్ల ‘ఔను’ కిందే వేసింది. మత బోధకులను పన్ను డబ్బుతో పోషించే మూడో క్లాజుకు రెండొంతులు నిజంగా వచ్చాయా అన్నది చరిత్రకారులు తర్వాత గట్టిగానే శంకించారు. అయినా అన్నీ నెగ్గాయని జూన్‌లో ప్రకటించారు. ఇంకో సంగతి నన్ను మరీ బాధపెడుతుంది. రాజ్యాంగాన్ని ఆమోదించడానికి ఆస్తి అక్కర్లేకపోయినా, అది అమల్లోకి వచ్చాక ఓటు వేయాలంటే 60 పౌండ్ల ఆస్తో, ఏడాదికి 3 పౌండ్ల ఆదాయమిచ్చే భూమో ఉండాలి. ప్రభుత్వాన్ని నిర్మించిన చేతుల్లో కొన్నింటిని ఆ వెంటనే బయటికి నెట్టేశారు.

భారత రాజ్యాంగం కథ దీనికి తలకిందులు. 1946లో రాజ్యాంగ సభ సభ్యులను ఎన్నుకున్నవి పరిమిత ఓటు హక్కుతో ఏర్పడిన ప్రాంతీయ శాసనసభలు. సంస్థానాల నుంచి వచ్చినవారిలో నామినేట్ అయినవారూ ఉన్నారు. హైదరాబాద్ రాజ్యాంగం పరిధిలోకి వచ్చింది 1949 నవంబరులో నిజాం జారీచేసిన ఫర్మానాతో. ప్రజల ముందు ఓటుకు పెట్టడమన్నది జరగనే లేదు. కాంకర్డ్ అడిగిన ప్రశ్న ఇక్కడా ఎదురైంది. ఒకే సభ రాజ్యాంగమూ రాసింది, చట్టాలూ చేసింది. రాజ్యాంగానికి కూర్చున్నప్పుడు రాజేంద్ర ప్రసాద్, చట్టాలకు కూర్చున్నప్పుడు మావలంకర్ అధ్యక్షత వహించేలా విడదీశారు. అది సగం పరిష్కారమే. కానీ 1951-52 ఎన్నికల నాటికి 21 ఏళ్లు నిండిన స్త్రీ పురుషులందరికీ ఓటొచ్చింది. పునాది ఇరుకు, ఇల్లు విశాలం. రెండిట్లో ఒకటే ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను. పుట్టుకలో చోటు దక్కనివారు తర్వాతైనా లోపలికి వచ్చి దాన్ని మార్చగలరు.

మసాచుసెట్స్‌లోనూ తలుపు పూర్తిగా మూయలేకపోయారు. మూడో క్లాజు 1833లో సవరణతో పోయింది. అంతకంటే పెద్ద మార్పు చాలా ముందే, కోర్టులు మూతపడ్డ ఆ బెర్క్‌షైర్‌లోనే జరిగింది. రాజ్యాంగం తొలి క్లాజు మనుషులందరూ స్వేచ్ఛగా, సమానంగా పుట్టారంటుంది. దాని మీద ఓటు వేసే అవకాశం ఏ బానిస స్త్రీకీ లేదు. ఏడాది తిరిగేసరికి, బెట్ అనే బానిస స్త్రీ, బ్రోమ్ అనే బానిసతో కలిసి, ఆ క్లాజు ఆధారంగానే యజమాని మీద దావా వేసింది. 1781 ఆగస్టులో గ్రేట్ బారింగ్టన్ కోర్టులో జ్యూరీ ఇద్దరినీ స్వతంత్రులుగా తేల్చి, 30 షిల్లింగుల పరిహారం ఇప్పించింది. ఆమె ఆ తర్వాత ఎలిజబెత్ ఫ్రీమన్ అనే పేరు పెట్టుకుంది.